మంచు చెప్పే మాట వినాలి

మంచు అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది?

సంక్రాంతి నెలలో పొద్దున్నే లేస్తాం. వాకిట్లో కళ్ళాపి చల్లుతాం. ముగ్గు వేస్తుంటే ఎదురిల్లు కూడా కనపడదు. అంతా మంచు. గడ్డి మీద నడిస్తే పాదాలు తడుస్తాయి. అదీ మంచే. పొద్దెక్కితే ఆ మంచు పోతుంది. 

ఇప్పుడు మనం చెప్పుకునే మంచు అది కాదు. అది హిమాలయాల మంచు. అది ఆకాశం నుంచి దూది పింజల్లాగా రాలుతుంది. పొద్దెక్కినా పోదు. నెలల తరబడి కొండల మీద పేరుకుంటుంది. మనిషి లోతు, రెండు మనుషుల లోతు పేరుకుంటుంది. ఒక్కోసారి ఆ మంచు కొండ మీద నుంచి ఒక్కసారిగా జారి కింద పడుతుంది. దాన్నే మంచు చరియ విరిగిపడటం అంటారు. పేపర్లలో హిమపాతం అని కూడా రాస్తారు.

మన ఊళ్ళో అట్లాంటి మంచు పడదు గదా, మనకెందుకు ఈ సంగతి అంటారా?

మన ఊళ్ళ నుంచి సైన్యంలో చేరినవాళ్ళు ఆ కొండల మీద కాపలా కాస్తున్నారు. మన పెద్దవాళ్ళు బదరీనాథ్, కేదార్‌నాథ్ యాత్రకు పోతున్నారు. మన పిల్లలు కొండలెక్కడం నేర్చుకుంటున్నారు. మనలాగే రెక్కాడితే గాని డొక్కాడనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వెళ్ళి అక్కడ రోడ్లు వేస్తున్నారు. వాళ్ళ ప్రాణాల సంగతి ఇది. అందుకే తెలుసుకుందాం.

మాణా దగ్గర ఏం జరిగింది?

ఉత్తరాఖండ్ రాష్ట్రంలో బదరీనాథ్ గుడి ఉంది. అక్కడికి దగ్గరలో మాణా అనే ఊరు ఉంది. అది టిబెట్ సరిహద్దు వైపు ఉన్న ఊరు. సముద్రానికి 10 వేల అడుగుల కన్నా ఎత్తులో ఉంటుంది.

2025 ఫిబ్రవరి 28, శుక్రవారం. తెల్లవారుజాము. మాణాకు, బదరీనాథ్‌కు మధ్య రోడ్డు పనివాళ్ళ మకాం ఉంది. 54 మంది కూలీలు అక్కడ ఉన్నారు. బీహారు, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్, హిమాచల్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. రోడ్డు మీద పడ్డ మంచు తీయడం, రోడ్డు బాగుచేయడం వాళ్ళ పని. ఇనుప రేకుల పెట్టెల్లాంటి గదుల్లో వాళ్ళు పడుకుంటారు. ఆ గదులను కంటైనర్లు అంటారు.

అంతకు ముందు నుంచీ మంచు బాగా కురుస్తోంది. ఆ తెల్లవారుజామున పైనున్న కొండ నుంచి మంచు జారింది. మకాం మీద పడింది. కంటైనర్లు కూరుకుపోయాయి.

సైనికులు, సహాయ దళాలవాళ్ళు వచ్చారు. మంచు కురుస్తూనే ఉంది. అయినా తవ్వారు. మూడు రోజులు వెతికారు. 46 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. 8 మంది చనిపోయారు.

అంతమంది ఎట్లా బతికారు? ఇనుప గదుల లోపల గాలి మిగిలింది. ఆ గాలే వాళ్ళను కాపాడింది.

ఈ సంగతి చదివితే మనకు ఒక ప్రశ్న వస్తుంది. మెత్తటి మంచుకు ఇనుప గదులను పూడ్చేంత బలం ఎక్కడిది?

దూదిలాంటి మంచుకు అంత బరువా?

కొత్తగా రాలిన మంచు నిజంగానే తేలిక. గంపెడు ఎత్తినా బరువనిపించదు. కానీ అది కొండ మీద నుంచి దొర్లుతూ వచ్చేటప్పుడు నలుగుతుంది. గట్టిగా అణుగుతుంది. మనం దూదిని బస్తాలో కుక్కితే ఏమవుతుంది? బస్తా ఎత్తలేం. ఇదీ అంతే.

ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు గొయ్యి ఉందనుకోండి. జారిపడ్డ మంచు ఆ గొయ్యి నిండా పడితే ఎంత బరువుంటుంది? సుమారు 4 నుంచి 5 క్వింటాళ్ళు! మనిషి మీద అంత బరువు పడితే ఇంకేముంది?

వేగం కూడా ఎక్కువే. మన ఊరి బస్సు గంటకు 50, 60 కిలోమీటర్లు పోతుంది. జారే మంచు గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. పొడి మంచు అయితే పొగలాగా లేచి ఇంకా వేగంగా వస్తుంది. చూసి పరుగెత్తుదాం అనుకుంటే కుదరదు.

ఆగిపోయాక ఆ మంచు సిమెంటు వేసినట్టు బిగుసుకుపోతుంది. లోపల ఉన్న మనిషి వేలు కూడా కదపలేడు.

మంచు ఎందుకు జారుతుంది?

మంచు ఒక్కరోజులో పేరుకోదు. ఈ వారం ఒక పొర పడుతుంది. పది రోజులాగి ఇంకో పొర పడుతుంది. దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది.

అన్ని పొరలూ ఒకేలా ఉండవు. కొన్ని పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొన్ని అతుక్కోవు.

ఎందుకు అతుక్కోవు? అన్నం గిన్నె మీద మూత పెడితే ఏమవుతుంది? ఆవిరి పైకి లేచి మూతకు పడుతుంది. మంచు లోపల కూడా కొంచెం అట్లాగే జరుగుతుంది. మంచు కింద నేల కాస్త వెచ్చగా ఉంటుంది. పైన గాలి గడ్డకట్టే చలిగా ఉంటుంది. కింద నుంచి కంటికి కనపడని ఆవిరి పైకి పోతుంది. పోతూ పోతూ మంచు రేణువులకు పట్టి మళ్ళీ గడ్డకడుతుంది. అప్పుడు ఆ రేణువులు పంచదార పలుకుల్లాగా తయారవుతాయి.

తడి పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద అవుతుంది. పంచదార నొక్కితే ముద్ద అవుతుందా? కాదు. జారిపోతుంది. ఆ పలుకుల పొర కూడా అంతే. దాని మీద కొత్త మంచు దిట్టంగా పడితే, పునాది లేని గోడ కట్టినట్టే.

మీరే చేసి చూడండి. ఒక పీట తీసుకోండి. దాని మీద ఒక జొన్నరొట్టె పెట్టండి. పీటను ఒకవైపు మెల్లగా ఎత్తండి. ఎంత ఎత్తు లేపితే రొట్టె జారిందో చూడండి. ఇప్పుడు పీట మీద పలచగా ఆవాలు పరచండి. ఆవాల మీద రొట్టె పెట్టండి. మళ్ళీ ఎత్తండి. ఈసారి కొంచెం ఎత్తగానే రొట్టె మొత్తం జారుతుంది. ముక్క జారదు, మొత్తం జారుతుంది!

పీట అంటే కొండ. ఆవాలంటే అతుక్కోని పొర. రొట్టె అంటే పైనున్న కొత్త మంచు. మంచు చరియ విరిగిపడటం అంటే ఇదే.

ఎట్లాంటి కొండ ప్రమాదం?

నిట్టనిలువుగా ఉన్న కొండ మీద మంచు నిలవదు. పడ్డది పడ్డట్టే కొంచెం కొంచెంగా రాలిపోతుంది. చదునుగా ఉన్నచోట మంచు పడి ఉంటుంది, కదలదు. నడిమి వాలు ఉన్న కొండే ప్రమాదం. లెక్క ప్రకారం 30 నుంచి 45 డిగ్రీల వాలు.

45 డిగ్రీలంటే ఎంత? నాలుగు పక్కలూ సమానంగా ఉన్న కాగితం తీసుకోండి. ఒక మూలను ఎదుటి మూలకు మడవండి. ఆ మడత ఎంత వాలుగా ఉందో, అంత. 30 డిగ్రీలంటే దానికన్నా కాస్త తక్కువ వాలు. మనిషి ఎక్కడానికీ దిగడానికీ వీలుగా కనిపించే వాలు అది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. మనం నిలబడ్డచోటు చదునుగా ఉంటే చాలదు. పైన ఏముందో చూడాలి. పైనున్న వాలు నుంచి జారిన మంచు కిందనున్న చదును దాకా వస్తుంది. అందుకే గుడారం వేసే ముందు తలెత్తి చూడాలి.

ఎప్పుడు ప్రమాదం?

మంచు బాగా కురుస్తున్నప్పుడు ప్రమాదం. కురిసి ఆగాక ఒక రోజు, రెండు రోజులు కూడా ప్రమాదమే. ఆకాశం తేటపడుతుంది. ఎండ వస్తుంది. ఇంక భయం లేదని జనం బయల్దేరతారు. అప్పటికి పై పొర కింది పొరకు ఇంకా అతుక్కుని ఉండదు.

గాలి వీచినప్పుడు ప్రమాదం. మనం చాటతో చెరుగుతాం. గాలికి పొట్టు ఎగిరి ఒక పక్కన కుప్ప పడుతుంది. కొండ మీద గాలి కూడా అంతే చేస్తుంది. ఒకవైపు మంచును లేపుకుపోయి రెండోవైపు కుప్ప పోస్తుంది. ఆ రెండోవైపు వాలు మీద బరువు పెరుగుతుంది.

ఎండ ముదిరినప్పుడు ప్రమాదం. మధ్యాహ్నానికి పై మంచు కరుగుతుంది. ఆ నీళ్ళు పొరల మధ్యకు దిగుతాయి. వానకు నానిన మట్టిగోడ కూలినట్టు మంచు కూలుతుంది. అందుకే చలికాలం పోయే రోజుల్లో, కొండ దాటేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరతారు. ఎండ పెరిగేలోగా దాటేస్తారు.

మనిషి బరువు పడ్డా ప్రమాదమే. మంచు కొండలెక్కే వాళ్ళకు జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇట్లా జరిగేవే. జారడానికి సిద్ధంగా ఉన్న పొర మీద వాళ్ళే కాలు పెడతారు. లేదా వాళ్ళతో వచ్చినవాళ్ళు పెడతారు.

గట్టిగా అరిస్తే మంచు జారుతుందని సినిమాల్లో చూపిస్తారు. అది నిజం కాదు. మనిషి అరుపుకు అంత బలం లేదు. ఆపదలో ఉన్నప్పుడు భయపడకుండా గట్టిగా అరవాలి.

కొండ ముందే చెబుతుంది

వాన వచ్చే ముందు మనకు తెలుస్తుంది. చీమలు గుడ్లు మోసుకుపోతాయి. గాలి చల్లబడుతుంది. మంచు కూడా అట్లాగే ముందు చెబుతుంది. ఆ గుర్తులు చదవడం రావాలి.

కొండ మీద అక్కడక్కడా అప్పుడే జారిన మంచు కనిపిస్తే, పక్కనున్న వాలు కూడా జారవచ్చు.

అడుగు వేసినప్పుడు మంచు లోపల నుంచి 'ధుమ్' మని చప్పుడు వస్తే, లోపలి పొర కూలిందని అర్థం. కాలి కింద నుంచి మంచులో పగులు బారితే, ఇంకా ప్రమాదం. అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

నిండు అడవి మధ్యలో, కొండ మీద నుంచి కింద దాకా, చెట్లు లేని చార కనిపిస్తే ఆ దారిన మంచు జారుతూ ఉంటుందని తెలుసుకోవాలి. ఆ చార అంచున ఉన్న చెట్లకు పైవైపు కొమ్మలు విరిగి ఉంటాయి. చెట్లు దట్టంగా ఉన్నచోట అవి మంచును పట్టి ఆపుతాయి. కొండ మీద అడవి నరికితే కింద ఊరికి ముప్పు అని కొండవాళ్ళు అనేది ఇందుకే.

మాణా ఊరివాళ్ళు ఏం చేస్తారో తెలుసా? చలికాలం రాగానే ఇళ్ళకు తాళాలు వేసి కింది ఊళ్ళకు దిగిపోతారు. వేసవి మొదట్లో మళ్ళీ ఎక్కుతారు. బదరీనాథ్ గుడి తలుపులు కూడా నవంబరులో మూస్తారు. ఉత్సవమూర్తులను కిందికి తీసుకెళ్ళి అక్కడ పూజలు చేస్తారు. ఏప్రిల్ ఆఖరున గాని, మేలో గాని తలుపులు తెరుస్తారు. చూశారా! చలికాలం దేవుడు కూడా కొండ దిగుతాడు. కొండను ఎరిగినవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

కానీ కూలికి వచ్చినవాళ్ళు ఆ చలికాలంలో అక్కడే ఉన్నారు. రోడ్డు ఆగకూడదు. పని ఆగకూడదు. పని ఆగితే కూలి రాదు.

మంచు కింద పడితే ఎంతసేపు బతుకుతారు?

చాలామంది చలికి చనిపోతారని అనుకుంటాం. ఎక్కువమంది చనిపోయేది చలికి కాదు. ఊపిరాడక. ముక్కులో, నోట్లో మంచు నిండుతుంది. ఒదిలిన ఊపిరే ముఖం చుట్టూ గడ్డకట్టి గాలి రాకుండా చేస్తుంది.

యూరప్ కొండల్లో చాలా ఏళ్ళ లెక్కలు తీశారు. మంచు కింద పూర్తిగా కూరుకుపోయినవాళ్ళను మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే, ఎక్కువమంది బతికారు. అరగంట దాటితే పదిమందిలో ముగ్గురు మాత్రమే బతికారు.

పది నిమిషాల్లో పోలీసులు రాలేరు. హెలికాప్టరు రాలేదు. పక్కనున్నవాళ్ళే కాపాడాలి.

అందుకని తెలిసినవాళ్ళు మూడు వస్తువులు లేకుండా మంచు కొండ ఎక్కరు. ఒకటి, ఒంటికి కట్టుకునే చిన్న యంత్రం. మంచు కింద ఉన్నా అది గుర్తు పంపుతుంది. పైనున్నవాళ్ళ యంత్రం దాన్ని పట్టుకుంటుంది. రెండు, మంచులో గుచ్చి చూసే పొడవాటి సన్నని కడ్డీ. మూడు, పార. ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఒక్కరి దగ్గర ఉంటే చాలదు. ఆ ఒక్కరే కూరుకుపోతే?

మంచులో చిక్కినవాళ్ళు ఏం చేయాలి? జారుతున్న మంచు నుంచి పక్కకు తప్పుకోవడానికి చూడాలి. ఈత కొట్టినట్టు కాళ్ళూ చేతులూ ఆడిస్తూ పైన ఉండటానికి ప్రయత్నించాలి. మంచు ఆగబోతున్నప్పుడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకోవాలి. ముక్కు ముందు దోసెడు ఖాళీ మిగిలినా ఆ గాలి ప్రాణం నిలుపుతుంది.

పైనున్నవాళ్ళు ఏం చేయాలి? మనిషి చివరగా ఎక్కడ కనిపించాడో ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. అక్కడి నుంచి కిందికి వెతకాలి. ఒకరు ఫోనో, వైర్‌లెస్సో చేయాలి. మన దేశంలో ఆపదకు పిలిచే నంబరు 112. మిగతావాళ్ళు వెతుకుతూనే ఉండాలి. అందరూ సాయం కోసం పరుగెత్తకూడదు. ఒకరు మాత్రం పైకి చూస్తూ ఉండాలి. మళ్ళీ మంచు జారవచ్చు. మనిషి దొరకగానే ముందు ముఖం మీద మంచు తీయాలి. నోట్లో మంచు తీయాలి. తర్వాత తడిబట్టలు మార్చి వెచ్చగా కప్పాలి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకూడదు. సారా, బ్రాందీ తాగించకూడదు.

సియాచిన్‌లో మనవాళ్ళు

లడఖ్‌లో సియాచిన్ అనే చోటుంది. ఏడాది పొడుగునా మంచే. మన సైనికులు అక్కడ కాపలా ఉంటారు.

2016 ఫిబ్రవరి 3న, 19,600 అడుగుల ఎత్తులో ఉన్న సోనమ్ అనే కాపలా చోటు మీద పెద్ద మంచు గోడ విరిగిపడింది. మద్రాసు రెజిమెంటుకు చెందిన 10 మంది సైనికులు దాని కింద కూరుకుపోయారు. కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్రల వాళ్ళు ఉన్నారు. మన కర్నూలు జిల్లా సైనికుడు కూడా ఒకరు ఉన్నారు.

సాటి సైనికులు తవ్వడం ఆపలేదు. కుక్కలు వాసన పట్టి చోటు చూపాయి. ఆరు రోజుల తర్వాత, సుమారు 25 అడుగుల మంచు కింద, ఒక సైనికుడు ప్రాణంతో దొరికాడు. ఆయన పేరు హనుమంతప్ప. కర్ణాటకలోని ధార్వాడ జిల్లావాడు. ఆయన చుట్టూ కాస్త గాలి మిగిలింది. దేశమంతా ఆయన బతకాలని కోరుకుంది. ఢిల్లీ ఆసుపత్రిలో వైద్యం చేశారు. అయినా ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాడు. పదిమందీ పోయారు.

ఆ పది ఇళ్ళలోనూ తల్లులున్నారు, భార్యలున్నారు, పిల్లలున్నారు. మంచు ఎన్నడూ చూడని ఊళ్ళలో కూడా ఆ మంచు దుఃఖం తెచ్చింది.

చదువుకున్నవాళ్ళకు కూడా తప్పదా?

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా అనే శిఖరం మీద మంచు జారింది. కొండలెక్కడం నేర్చుకుంటున్న వాళ్ళ బృందం అది. కనీసం 27 మంది చనిపోయారు. వాళ్ళలో సవితా కన్స్‌వాల్ అనే ఆడబిడ్డ ఉంది. ఆమె నేర్పించే టీచరు. అదే ఏడాది మే నెలలో ఎవరెస్టు ఎక్కి వచ్చింది. ఎంత తెలిసినవాళ్ళకైనా కొండ మీద ప్రమాదం పూర్తిగా పోదు. తెలిస్తే ప్రమాదం తగ్గుతుంది. తెలిసి కూడా జాగ్రత్త మానకూడదు.

ఎవరెస్టు అంటే మనకు మాలావత్ పూర్ణ గుర్తుకొస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. వాళ్ళు టిబెట్ వైపు నుంచి ఎక్కారు.

అంతకు నెల రోజుల ముందే, ఏప్రిల్ 18న, అదే ఎవరెస్టుకు నేపాల్ వైపు మంచు గడ్డలు విరిగిపడ్డాయి. 16 మంది చనిపోయారు. వాళ్ళంతా నేపాల్ పనివాళ్ళు. ఎక్కువమంది షెర్పాలు. డబ్బున్నవాళ్ళు కొండ ఎక్కడానికి తాళ్ళు కట్టేదీ, బరువులు మోసేదీ వీళ్ళే. ఎక్కేవాళ్ళు ప్రమాదం చోటును కొన్నిసార్లు దాటితే, మోసేవాళ్ళు ఇంకా ఎన్నోసార్లు దాటాలి.

ఆ ఏడాది షెర్పాలు పని ఆపేశారు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఇచ్చేది చాలదన్నారు. బీమా పెంచాలన్నారు. ప్రభుత్వం బీమా పెంచింది. అడిగారు కాబట్టి పెరిగింది.

హెచ్చరిక ఎవరికి చేరాలి?

మన దేశంలో మంచు సంగతి చూసే రక్షణ శాఖ సంస్థ చండీగఢ్‌లో ఉంది. దాని పేరు డి.జి.ఆర్.ఇ. ఎక్కడ మంచు జారే ప్రమాదం ఉందో వాళ్ళు చెబుతారు. చాలా దేశాల్లో ప్రమాదాన్ని ఐదు మెట్లుగా చెబుతారు. ఒకటి అంటే తక్కువ. ఐదు అంటే చాలా ఎక్కువ. మూడు అంటే నడిమిది గదా, పర్వాలేదులే అనుకుంటారు. అట్లా అనుకునే మూడో మెట్టు రోజునే చాలామంది చనిపోతున్నారు. మూడు అన్నా భయపడాల్సిందే.

మాణా ప్రమాదానికి ముందురోజు సాయంత్రం కూడా ఆ జిల్లాకు హెచ్చరిక వచ్చింది. 24 గంటల పాటు మంచు జారవచ్చని అందులో ఉంది. తెల్లవారేసరికి మంచు జారింది.

ఇక్కడే మనం ఆలోచించాలి. హెచ్చరిక కాగితం మీద ఉంటే చాలదు. ఆఫీసులో ఉంటే చాలదు. కొండ కింద పడుకున్న మనిషి చెవిన పడాలి. చెవిన పడ్డాక, అక్కడి నుంచి దిగి రావడానికి వీలుండాలి. దిగి వస్తే కూలి పోదనే భరోసా ఉండాలి. అప్పుడే ఆ హెచ్చరిక ప్రాణం కాపాడుతుంది.

మనం ఏం చేయగలం?

మన ఇంట్లోంచి గాని, మన ఊళ్ళోంచి గాని ఎవరైనా మంచు కొండల్లో పనికి పోతుంటే కొన్ని ప్రశ్నలు అడుగుదాం.

మకాం ఎక్కడ? పైన మంచు వాలు ఉందా?

హెచ్చరిక వస్తే మీకు ఎవరు చెబుతారు? ఏ భాషలో చెబుతారు?

హెచ్చరిక వచ్చిన రోజు పని ఆపుతారా? కూలి ఇస్తారా?

వెతికే యంత్రం, కడ్డీ, పార ఉన్నాయా? వాటిని వాడటం నేర్పారా?

బీమా ఉందా? కాగితం ఏదీ? ఆ కాగితం నకలు ఇంట్లో పెట్టి పోతున్నారా?

మేస్త్రీ పేరు, కంపెనీ పేరు, ఫోను నంబరు రాసి ఇచ్చారా?

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుందాం. మనకిప్పుడు రాయడం వచ్చు గదా! ఆ కాగితం ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకుందాం.

యాత్రకు పోయేవాళ్ళకు కూడా ఒక మాట చెబుదాం. గుడి తలుపులు తెరిచిన కొత్తలో దారి పక్కన ఇంకా మంచు ఉంటుంది. పోలీసులు ఆగమంటే ఆగాలి. దారి మూశామంటే తిరిగి రావాలి. ఇంత దూరం వచ్చాం, ఇంత ఖర్చు పెట్టాం, దర్శనం కాకుండా ఎట్లా పోతాం అనిపిస్తుంది. ఈ ఏడు కాకపోతే పై ఏడు పోవచ్చు. ఫోటో కోసం మంచు వాలు ఎక్కకూడదు.

మనం అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. మందు సీసా మీద తేదీ చూస్తున్నాం. కొండవాళ్ళు మంచును చదువుతారు. గాలిని చదువుతారు. చెట్టు కొమ్మను చదువుతారు. ఏ చదువైనా అంతే. ముందుగా తెలుసుకుంటేనే అది ప్రాణానికి అడ్డం నిలుస్తుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మంచు పొరలు ఒకదానికొకటి ఎందుకు అతుక్కోవు? పీట, రొట్టె, ఆవాలతో చేసి చూపండి.

2. మంచు కురిసి ఆగిన మరునాడు ఎండ వచ్చింది. కొండ ఎక్కవచ్చా? ఎందుకు?

3. మాణా ఊరివాళ్ళు చలికాలం కిందికి దిగుతారు. కూలీలు అక్కడే ఎందుకు ఉండాల్సి వచ్చింది?

4. మీ ఊరి నుంచి దూరం పనికి పోయినవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళ మేస్త్రీ పేరు, ఫోను నంబరు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఈ వారమే అడిగి మీ చేత్తో రాసుకోండి.